ఆమ్లం వల్ల అరుగుతున్న ఎనామిల్‌ను ఫ్లోరైడ్ ఎంతవరకు కాపాడుతుంది?

ఉదయరాగం:

నా పై ముందుపళ్ల అంచులు కొంతకాలంగా పలచబడి పారదర్శకంగా కనిపిస్తున్నాయి. దవడపళ్ల మీద మొనలు ఉండాల్సిన చోట చిన్న చిన్న గుంటలు పడ్డాయి. చల్లటి నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమంటున్నాయి. పరీక్షించిన దంతవైద్యురాలు ఇది పిప్పి కాదని, ఆమ్లం వల్ల పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ అరిగిపోతోందని చెప్పి, మూడు నెలలకొకసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూయించుకోమన్నారు. పరగడుపున నిమ్మరసం కలిపిన నీళ్లు తాగే అలవాటు నాకు ఏళ్ల తరబడి ఉంది. ఈ మధ్య రాత్రిపూట పుల్లతేన్పులు కూడా మొదలయ్యాయి.

ఫ్లోరైడ్ ఎనామిల్‌ను గట్టిపరుస్తుందని ఒక చోట, ఘాటైన ఆమ్లం ముందు అది నిలబడదని మరొక చోట చదివాను. రెండింటిలో ఏది నిజం? పోయిన ఎనామిల్ వార్నిష్ వల్ల తిరిగి వస్తుందా, లేక ఉన్నదైనా మిగులుతుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

నీలిమేఘం:

నేను వార్నిష్ పూయించుకున్నాను. జివ్వుమనడం బాగా తగ్గింది. నొప్పి లేదు, మత్తు ఇంజెక్షన్ అవసరం లేదు, కుర్చీలో కూర్చున్న కొద్ది నిమిషాల్లోనే పని పూర్తవుతుంది. ఇంత సులువైన దానికి ఆలోచించాల్సింది ఏముందో నాకు అర్థం కావడం లేదు. పూయించుకోండి.

పలువరస:

వృత్తిరీత్యా దంతవైద్యుణ్ణి. నీలిమేఘం గారి అనుభవం నిజమే కావచ్చు గాని, జివ్వుమనడం తగ్గడం వేరు, అరుగుదల ఆగడం వేరు. ఎనామిల్ పోయిన చోట బయటపడిన, దాని కింది పొర అయిన డెంటిన్‌లో సన్నని గొట్టాలు ఉంటాయి. చల్లదనం తగలగానే వాటిలోని ద్రవం కదలడం వల్ల నరానికి సంకేతం అందుతుంది. వార్నిష్ ఆ గొట్టాల నోళ్లను కొంతవరకు మూసివేస్తుంది కాబట్టి బాధ తగ్గుతుంది. బాధ తగ్గింది కదా అని పాత అలవాట్లను కొనసాగిస్తే అరుగుదల నిశ్శబ్దంగా సాగిపోతూనే ఉంటుంది. నా దగ్గరకు వచ్చేవారిలో ఈ భ్రమ తరచుగా చూస్తుంటాను.

వార్నిష్ గురించి ఉదయరాగం గారు అడిగిన ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, పోయిన ఎనామిల్ తిరిగి రాదు. ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అందులో జీవకణాలు లేవు. దాన్ని నిర్మించిన కణాలు పన్ను చిగురు నుంచి బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది గాని ఎనామిల్‌కు ఆ అవకాశం లేదు. మందంగా ఉండే దవడపళ్ల మొనల దగ్గర కూడా అది సుమారు రెండున్నర మిల్లీమీటర్లకు మించదు. అయితే ఆమ్లం తగిలిన వెంటనే ఎనామిల్ ఊడిపోదు. ముందుగా పైన కొన్ని మైక్రోమీటర్ల మేర ఖనిజం కొంత కోల్పోయి మెత్తబడుతుంది. ఆ దశలో పొర ఇంకా పంటి మీదే ఉంటుంది కాబట్టి లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్, వాటికి తోడుగా ఫ్లోరైడ్ కలిసి దాన్ని కొంతవరకు తిరిగి గట్టిపరచగలవు. బ్రష్షు, నాలుక, ఎదుటి పన్ను రాపిడికి ఆ మెత్తటి పొర చెరిగిపోతే మాత్రం ఇక గట్టిపరచడానికి మిగిలేది ఏమీ ఉండదు.

రసాయనపాఠం:

పలువరస గారు చెప్పినదానికి రసాయనశాస్త్రం వైపు నుంచి కొంత చేరుస్తాను. ఉదయరాగం గారు చదివిన రెండు మాటలూ నిజమే. ఒకటి పిప్పికి వర్తిస్తుంది, రెండోది ఆమ్లపు అరుగుదలకు వర్తిస్తుంది.

ఎనామిల్‌లోని ముఖ్య ఖనిజం హైడ్రాక్సీ ఆపటైట్. నోటిలో పీహెచ్ (ఆమ్లతను తెలిపే అంకె, అది తగ్గే కొద్దీ ఆమ్లత పెరుగుతుంది) సుమారు 5.5 కంటే తగ్గితే అది కరగడం మొదలవుతుందని పుస్తకాల్లో చెబుతారు. అందులోని హైడ్రాక్సిల్ స్థానంలోకి ఫ్లోరైడ్ చేరి ఫ్లోర్ ఆపటైట్ ఏర్పడితే ఆ హద్దు సుమారు 4.5కు దిగుతుంది. పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను పులియబెట్టి తయారు చేసే ఆమ్లం సాధారణంగా ఈ రెండు హద్దుల పరిసరాల్లోనే ఉంటుంది. అందువల్లనే పిప్పి విషయంలో ఫ్లోరైడ్ అంత బాగా పనిచేస్తుంది. పైగా పిప్పిలో ఖనిజం ఉపరితలం కింద పోతుంది, పై పొర చాలాకాలం చెక్కుచెదరదు. కాబట్టి పూడ్చుకోవడానికి లోపల చోటు, పైన కప్పు రెండూ ఉంటాయి.

నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5 వరకు, కోలా పానీయాలది 2.5 ప్రాంతంలో, జీర్ణాశయంలోని ఆమ్లానిది ఇంకా తక్కువగా ఉంటాయి. పీహెచ్‌లో ఒక్కో అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరుగుతుంది కాబట్టి 5.5కు, 2.5కు మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంది. అంతటి ఆమ్లంలో హైడ్రాక్సీ ఆపటైట్ కరిగినట్టే ఫ్లోర్ ఆపటైట్ కూడా కరుగుతుంది. ఎనామిల్‌లోకి చేరిన ఫ్లోరైడ్ అక్కడ చేయగలిగింది స్వల్పం.

ఇంకొక్క మాట. ఆ 5.5 అనే అంకెను రాతిగీతలా పట్టుకోకూడదు. పంటికి తగిలే ద్రవంలో కాల్షియం, ఫాస్ఫేట్ ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టి హద్దు మారుతుంది. పెరుగు పీహెచ్ సుమారు 4 ఉన్నా అది ఎనామిల్‌ను కరిగించదు, ఎందుకంటే అందులో ఆ రెండూ సమృద్ధిగా ఉంటాయి. ఇప్పటికే ఉప్పు నిండుగా కరిగిన నీళ్లలో ఇంకో ఉప్పుకల్లు వేస్తే అది కరగకుండా అడుగున నిలిచిపోవడం లాంటిదే ఇది. పుల్లటి పానీయాలకు కాల్షియం కలిపి వాటి దాడిని తగ్గించే పద్ధతి కూడా ఈ సూత్రం మీదే ఆధారపడింది.

ఉదయరాగం:

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే నా సందేహం ఇంకా పెరిగింది. ఘాటైన ఆమ్లం ముందు ఫ్లోర్ ఆపటైట్ కూడా నిలవకపోతే, మా దంతవైద్యురాలు వార్నిష్ ఎందుకు సూచించినట్టు?

పలువరస:

ఆవిడ సూచనలో తప్పేమీ లేదు. ఎక్కువ గాఢత గల ఫ్లోరైడ్‌ను పంటికి పూసినప్పుడు జరిగే ముఖ్యమైన పని ఎనామిల్ లోపల జరగదు, పైన జరుగుతుంది. లాలాజలం నుంచి, పంటి నుంచి వచ్చిన కాల్షియంతో అది కలిసి, కాల్షియం ఫ్లోరైడ్‌ను పోలిన సూక్ష్మమైన గుళికల పొరగా పంటి మీద పేరుకుంటుంది. ఆమ్లం వచ్చినప్పుడు ముందుగా ఆ గుళికలు కరుగుతాయి, ఆ మేరకు కింది ఎనామిల్‌కు ఊరట దొరుకుతుంది. కరిగినప్పుడు విడుదలయ్యే ఫ్లోరైడ్ మెత్తబడిన పొర మళ్లీ గట్టిపడేందుకు తోడ్పడుతుంది. అంటే అది ఒక బలి పొర. ఘాటైన ఆమ్లం పదే పదే తగిలితే త్వరగా ఖర్చైపోతుంది, అందుకే మళ్లీ మళ్లీ పూయాల్సి వస్తుంది. వార్నిష్‌లో ఫ్లోరైడ్ సాధారణంగా 22,600 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 22,600 భాగాలు ఉంటుంది. రోజూ వాడే టూత్‌పేస్టులో 1,000 నుంచి 1,500 వరకు, ప్రతిరోజూ పుక్కిలించే 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ద్రావణంలో సుమారు 225 పీపీఎం మాత్రమే. గాఢత పెరిగే కొద్దీ, పంటి మీద ఎక్కువసేపు నిలిచే కొద్దీ ఆ పొర మందంగా ఏర్పడుతుంది.

ఇక్కడ గాఢతతో పాటు ఫ్లోరైడ్ ఏ రూపంలో ఉందన్నది కూడా చూడాలి. పిప్పి విషయంలో సోడియం ఫ్లోరైడ్ అయినా, మోనోఫ్లోరోఫాస్ఫేట్ అయినా పెద్ద తేడా కనిపించదు. ఆమ్లపు అరుగుదల విషయంలో మాత్రం తగరం కలిసిన స్టానస్ ఫ్లోరైడ్ వాటి కంటే మెరుగ్గా పనిచేస్తుందని ప్రయోగశాలల్లోనూ, మనుషుల నోటిలో అమర్చిన ఎనామిల్ ముక్కల మీదా జరిగిన పరిశీలనల్లో పదే పదే తేలింది. కారణం తగరమే. అది ఎనామిల్ ఉపరితలం మీద, లాలాజలపు సన్నని పొరతో కలిసి, ఆమ్లానికి అంత సులువుగా లొంగని నిక్షేపాలను ఏర్పరుస్తుంది. నా అభిప్రాయంలో ఉదయరాగం గారికి మూడు నెలలకొకసారి వేసే వార్నిష్ కంటే, రోజుకు రెండుసార్లు వాడే స్టానస్ ఫ్లోరైడ్ పేస్టే ఎక్కువ మేలు చేస్తుంది. ఆమ్లం రోజూ వస్తుంటే రక్షణ కూడా రోజూ ఉండాలి కదా. వార్నిష్ దానికి తోడుగా ఉండవచ్చు.

దీనిలో ఇబ్బందులూ ఉన్నాయి. కొందరికి ఆ పేస్టు వగరుగా తోస్తుంది, కొందరి పళ్ల మీద గోధుమరంగు మరక పడుతుంది. అది పైపై మరకే కాబట్టి దంతవైద్యుని దగ్గర శుభ్రం చేయిస్తే పోతుంది.

నిదానం:

అందరూ ఫ్లోరైడ్‌ను పొగుడుతున్నారు గాని, అదే ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద మచ్చలు, ఎముకల వంకరలు వస్తాయన్న సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 22,600 పీపీఎం అని చదివి నాకు గుండె గుభేలుమంది. తాగే నీటిలో 1.5 పీపీఎం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, అంతటి మందును నోట్లో పూయడం ఎంతవరకు సమంజసం?

రసాయనపాఠం:

నిదానం గారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. గాఢతను, మొత్తం పరిమాణాన్ని విడివిడిగా చూస్తే విషయం తేలుతుంది. చిన్నపిల్లలకు వార్నిష్ సుమారు 0.25 మిల్లీలీటర్లు వాడతారు. దానిలో ఉండే ఫ్లోరైడ్ 5.6 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది. తక్షణ వైద్యసాయం అవసరమయ్యే మోతాదుగా లెక్కించేది కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, అంటే పది కిలోల బిడ్డకు 50 మిల్లీగ్రాములు. పైగా వార్నిష్ లాలాజలం తగలగానే పంటికి అతుక్కుని, గంటల తరబడి నెమ్మదిగా విడుదలవుతుంది. తాగునీటి హద్దు మాత్రం ప్రతిరోజూ లీటర్ల కొద్దీ, ఏళ్ల తరబడి కడుపులోకి వెళ్లే దాన్ని ఉద్దేశించినది. ఎముకలను వంచే ఫ్లోరోసిస్ అలాంటి దీర్ఘకాలపు వాడకంతోనే వస్తుంది.

నిజానికి పళ్లకు, ఫ్లోరైడ్‌కు ఉన్న సంబంధం బయటపడింది ఆ మచ్చల వల్లనే. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో దంతవైద్యం మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెకే అక్కడివారి పళ్ల మీద గోధుమరంగు మచ్చలను గమనించారు. ఆ పళ్లకు పిప్పి తక్కువగా వస్తోందన్నది ఆయన పరిశీలనలోనే తేలింది. నీటిలోని ఫ్లోరైడే కారణమని 1931లో రుజువైంది. గమనించవలసింది ఏమంటే, ఆ చరిత్రంతా పిప్పి గురించినది. ఫ్లోరైడ్‌కు వచ్చిన పేరు అక్కడిది. దాన్నే ఆమ్లపు అరుగుదలకూ యథాతథంగా అంటగట్టడం వల్లనే ఉదయరాగం గారికి రెండు రకాల మాటలు కనిపించాయి.

మల్లెపందిరి:

మా పిల్లల పళ్ల కోసం ఈ విషయాన్ని శ్రద్ధగా చదువుకున్నాను. పళ్ల మీద మచ్చలు చిగురు కింద ఎనామిల్ తయారవుతున్న వయసులోనే పడతాయి, పెద్దవారికి కొత్తగా పడవు. జ్ఞానదంతాలను మినహాయిస్తే ఆ నిర్మాణం సుమారు ఎనిమిదేళ్లకు ముగుస్తుంది. కాబట్టి జాగ్రత్త చిన్నపిల్లల విషయంలోనే ఎక్కువ అవసరం. మూడేళ్ల లోపు వారికి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత పేస్టు మాత్రమే పెట్టి, ఉమ్మేలా దగ్గరుండి చూసుకోవాలి. ఆరేళ్ల లోపు పిల్లలు మింగేస్తారు కాబట్టి పుక్కిలించే ద్రావణం ఇవ్వకూడదు. భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న చోట ఉండేవారు ఆ సంగతి ముందుగానే దంతవైద్యునికి చెప్పాలి.

ఇప్పుడు నాదొక ప్రశ్న. పుల్లటిది తాగిన తర్వాత అరగంట ఆగి పళ్లు తోముకోవాలని అందరూ అంటారు. అది నిజంగా అవసరమా?

పలువరస:

ఆ సలహా చాలాకాలంగా ఉంది, నేనూ రోగులకు చెబుతూ వచ్చాను. మెత్తబడిన ఎనామిల్‌ను వెంటనే రుద్దితే ఎక్కువ పోతుందన్నది నిజం. అరగంటలో లాలాజలం దాన్ని తగినంత గట్టిపరుస్తుందన్న రెండో సగమే సందేహాస్పదం. నోటిలో జరిపిన పరిశీలనల్లో అరగంట, గంట ఆగినా ఆశించినంత తేడా కనిపించలేదు, ఎందుకంటే లాలాజలం చేసే మరమ్మతు అంతకంటే నెమ్మదైనది. అందుచేత ఇటీవల చాలామంది నిపుణులు ఈ నియమాన్ని అందరికీ చెప్పడం తగ్గించారు. వాంతి అయిన వెంటనే, పుల్లతేన్పు నోటిలోకి వచ్చిన వెంటనే మాత్రం బ్రష్షు జోలికి పోకుండా నీళ్లతోనో, కొద్దిగా వంటసోడా కలిపిన నీళ్లతోనో పుక్కిలించాలి.

నా సలహా ఏమంటే, పరగడుపున ఏదైనా పుల్లటిది తీసుకునే అలవాటు ఉంటే, దానికంటే ముందే ఫ్లోరైడ్ పేస్టుతో మెత్తటి కుచ్చుల బ్రష్షు వాడి తోముకోండి. ఉమ్మేసిన తర్వాత నీళ్లతో పదే పదే పుక్కిలించవద్దు. పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా నీళ్లతో పాటు పోతుంది. తెల్లబరుస్తామని అమ్మే గరుకు పేస్టులు, బొగ్గుపొడులు అరుగుదల ఉన్నవారికి అసలు పనికిరావు. ఒకవైపు ఫ్లోరైడ్ పూసుకుంటూ మరోవైపు వాటితో రుద్దుకునేవారిని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

తెల్లవారుజాము:

నేను పోటీల కోసం ఈత సాధన చేసేవాణ్ణి. క్లోరిన్ వాడే కొలనులో పీహెచ్ సరిగ్గా చూసుకోకపోతే ఆ నీరే ఆమ్లంగా మారి ఈతగాళ్ల ముందుపళ్లను తినేస్తుందని అప్పుడే తెలిసింది. ద్రాక్షసారాయి రుచి చూసి నాణ్యత చెప్పే వృత్తిలో ఉన్నవారికీ, బ్యాటరీల తయారీలో ఆమ్లపు ఆవిర్ల మధ్య పనిచేసేవారికీ ఇదే సమస్య. వృత్తి వల్ల ఆమ్లాన్ని తప్పించుకోలేని ఇలాంటివారికి ఫ్లోరైడ్ ఒక్కటే దారి కదా?

పలువరస:

తప్పించుకోలేని చోట ఫ్లోరైడ్ విలువ పెరుగుతుంది, నిజమే. అలాంటివారికి పని మొదలుపెట్టే ముందు తగరం కలిసిన ద్రావణంతో పుక్కిలించమనో, 5,000 పీపీఎం పేస్టును చీటీ మీద రాసిచ్చి వాడమనో చెబుతాం. అయితే కొలనులో పీహెచ్ సరిచేయడం, కర్మాగారంలో ఆవిర్లు బయటికి పోయే ఏర్పాటు చేయడం అంతకంటే ముందుండాలి.

ఉదయరాగం గారి విషయంలోనూ అంతే. ఆయన ప్రస్తావించిన రెండింటిలో నిమ్మరసం కంటే రాత్రి పుల్లతేన్పులే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నాయి. నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు, మింగడమూ తగ్గుతుంది. పగలు కొద్దిసేపట్లో కడుక్కుపోయే ఆమ్లం రాత్రి చాలాసేపు పళ్లను అంటిపెట్టుకుని ఉంటుంది. పైముందుపళ్ల అంగిలి వైపు నున్నగా, మెరుస్తూ అరిగి ఉంటే జీర్ణాశయ ఆమ్లమే కారణమని అనుమానించాలి. ఒకసారి అద్దం సాయంతో చూసుకుని, జీర్ణకోశ వైద్యుణ్ణి కలవండి. ఎలర్జీకి, మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని మందులు నోటిని ఎండగడతాయి కాబట్టి మీరు వాడుతున్న మందుల జాబితా కూడా వెంట తీసుకెళ్లండి. రాత్రి పడుకునే ముందు స్టానస్ ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుని, ఆ తర్వాత ఏమీ తినకుండా, తాగకుండా పడుకోవడం మీకు అన్నిటికంటే ముఖ్యం. నిమ్మరసం మానలేకపోతే భోజనంతో పాటు, నోటిలో తిప్పకుండా, ఒక్కసారిగా తాగేయండి. అదే గ్లాసును గంటసేపు గుక్కగుక్కగా తాగితే గంటసేపూ పళ్లు ఆమ్లంలో నానినట్టే.

ఉదయరాగం:

అద్దంలో చూసుకున్నాను. అంగిలి వైపు మీరు చెప్పినట్టే నున్నగా ఉంది. జీర్ణకోశ వైద్యుని దగ్గరకు వెళ్లాలని నిర్ణయించుకున్నాను. వార్నిష్ పూయించుకునే రోజున పాటించవలసినవి ఏమైనా ఉన్నాయా? ఇదంతా చేశాక, అరుగుదల నిజంగా ఆగిందో లేదో నాకెలా తెలుస్తుంది?

నీలిమేఘం:

పూసిన తర్వాత పళ్లు జిగురుగా, కొద్దిగా పసుపుగా అనిపిస్తాయి, కంగారు పడకండి. ఆ రోజు వేడివి, గట్టివి తినవద్దని, రాత్రి వరకు బ్రష్షు ముట్టవద్దని నాకు చెప్పారు.

పలువరస:

నీలిమేఘం గారు చెప్పింది సరిపోతుంది. చాలా వార్నిష్‌లలో చెట్ల నుంచి తీసిన రెసిన్ ఉంటుంది. అంటింపు పట్టీల జిగురు పడనివారు ఆ మాట ముందే చెప్పాలి. మీకు పింగాణీ తొడుగులు గాని, పంటిరంగు పూరకాలు గాని ఉంటే ఆమ్లయుతమైన ఫ్లోరైడ్ జెల్ బదులు వార్నిష్ అడగండి. 12,300 పీపీఎం గల ఆ జెల్ పీహెచ్ 3 నుంచి 3.5 వరకు ఉంటుంది, అది పింగాణీ ఉపరితలాన్ని గరుకుగా మారుస్తుంది.

అరుగుదల ఆగిందో లేదో జివ్వుమనడాన్ని బట్టి నిర్ణయించకండి. దీనికి 2008లో ప్రతిపాదించిన బేవీ అనే సులువైన కొలమానం ఉంది. నోటిని ఆరు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఎక్కువగా అరిగిన పంటికి 0 నుంచి 3 వరకు అంకె వేస్తారు; మొత్తం 18కి మించదు. మీ అంకె ఎంతో ఈసారి వెళ్లినప్పుడు అడిగి రాయించుకోండి. అంతకంటే సూక్ష్మంగా తెలియాలంటే ఇప్పుడే పళ్ల అచ్చు గాని, డిజిటల్ స్కాన్ గాని తీయించి, ఆరు నెలలకో ఏడాదికో తీసిన దానితో పోల్చాలి. ముందుపళ్ల ఎత్తు, దవడపళ్ల గుంటల లోతు మారకపోతే ఇదే పద్ధతి కొనసాగించవచ్చు. ఆమ్లం అదుపులోకి వచ్చాక కూడా గుంటలు లోతవుతుంటే అక్కడ బయటపడిన డెంటిన్ ఎనామిల్ కంటే త్వరగా అరుగుతోందని అర్థం. అప్పుడు వార్నిష్‌ల సంఖ్య పెంచుతూ కూర్చోకుండా ఆ గుంటలను పంటిరంగు పూరకంతో కప్పించుకోవాలి.